మాట్లీ క్రూ వినాలనుకుంటే: ఏ ఆల్బం ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు

మా మేనల్లుడు నెట్‌ఫ్లిక్స్‌లో మాట్లీ క్రూ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ కథతో తీసిన "ద డర్ట్" సినిమా చూసి అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు: "మామయ్యా, వీళ్ళు నిజంగా ఇలాగే ఉండేవాళ్ళా? పాటలు ఎక్కడ మొదలుపెట్టమంటావు?" మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. ఇంతకన్నా ఘోరంగా ఉండేవాళ్ళని చెప్పాను. రెండోదానికి మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. వాడు అప్పటికే ఫోన్‌లో ఏదో హిట్ పాటల ప్లేలిస్ట్ పెట్టుకుని విన్నాడట. "ఒక్కో పాట ఒక్కో బ్యాండ్ వాయించినట్టుంది, గొంతు మాత్రం ఒకడిదే" అన్నాడు. తెలియక అన్నాడేమో గానీ, ఈ బ్యాండ్ గురించి నేను విన్న సరైన విమర్శల్లో అదొకటి.

1981 నుంచి 1989 దాకా మాట్లీ క్రూ అయిదు ఆల్బంలు చేసింది. అవే నలుగురు మనుషులు, కానీ ఏ ఆల్బంకి ఆ ఆల్బం వేరే స్థితిలో ఉన్నారు. ఒకసారి ఆకలితో, ఒకసారి పొగరుతో, ఒకసారి నేరభారంతో, ఒకసారి పూర్తిగా మత్తులో, చివరికి మత్తు వదిలించుకుని. ఆ పాటలన్నీ ఏరి ఒకే గిన్నెలో పోస్తే కిచిడీ అవుతుంది, బిర్యానీ కాదు. అందుకే హిట్స్ సంకలనంతో మొదలుపెట్టవద్దనేది నా సలహా. ఏదో ఒక ఆల్బం పట్టుకుని మొదటి పాట నుంచి చివరిదాకా వినండి. ఏది పట్టుకోవాలన్నది మీ చెవి ఇప్పటిదాకా ఏం వింటూ వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

అసలు ఎవరు వీళ్ళు

పేరు మీద ముందు రెండు మాటలు. ఇంగ్లీషులో రాసినప్పుడు రెండు అచ్చుల నెత్తిన రెండేసి చుక్కలుంటాయి, మన విసర్గను పడుకోబెట్టి అక్షరం మీదకి ఎక్కించినట్టు. జర్మన్‌లో ఆ చుక్కలకు ఉచ్చారణ ఉంది. వీళ్ళకు మాత్రం అవి వట్టి అలంకారం. పేరు పెట్టుకునే రోజుల్లో తాగుతున్న జర్మన్ బీరు సీసా మీద అలాంటి చుక్కలు చూసి పెట్టుకున్నారు. హంగులూ అలంకారాలతో వాయించే గట్టి రాక్‌ని గ్లామ్ మెటల్ అంటారు. అదేమిటని ఎవరైనా అడిగితే ఈ చుక్కలు చూపిస్తే చాలు.

1981 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో బేస్ గిటారు వాయించే నిక్కీ సిక్స్, డ్రమ్మర్ టామీ లీ కలిసి బ్యాండ్ మొదలుపెట్టారు. "గట్టిగా, మొరటుగా, దూకుడుగా వాయించే గిటారిస్టు దొరుకును" అన్న అర్థం వచ్చేలా పేపర్లో ప్రకటన ఇచ్చుకున్న మిక్ మార్స్ వచ్చి చేరాడు. మిగతావాళ్ళు ఇరవైల మొదట్లో ఉంటే అతనికి అప్పటికే ముప్పై దగ్గర పడుతున్నాయి. టామీ లీకి హైస్కూల్లో తెలిసిన విన్స్ నీల్ గాయకుడయ్యాడు. ఏప్రిల్ కల్లా అక్కడి సన్‌సెట్ స్ట్రిప్ వీధి చుట్టుపక్కల క్లబ్బుల్లో ప్రదర్శనలు మొదలయ్యాయి.

లిప్‌స్టిక్, నిలబెట్టిన జుట్టు, తోలు ప్యాంట్లు, స్టేజి మీద నిప్పు. అప్పటి విమర్శకులు చాలామంది "పైన పటారం, లోన లొటారం" అన్న ధోరణిలోనే రాశారు. పటారం సంగతి నిజమే. లోపల ఏముందన్నది మాత్రం ఆల్బంని బట్టి మారుతుంది, మన ఎంపికంతా అక్కడే ఉంది.

సినిమా పాటల చెవి ఉన్నవాళ్ళకు: డాక్టర్ ఫీల్‌గుడ్

మీరు ఇంతవరకు మెటల్ వినలేదు, శుభ్రంగా రికార్డ్ చేసిన సినిమా పాటలకు అలవాటు పడ్డారు, హెడ్‌ఫోన్‌లో ప్రతి వాయిద్యం విడివిడిగా వినిపిస్తే తప్ప తృప్తి పడరు అంటే రెండో ఆలోచన లేకుండా 1989లో వచ్చిన "డాక్టర్ ఫీల్‌గుడ్" పెట్టుకోండి.

దీని వెనక కథ తెలిస్తే పాటలు ఇంకా బాగా వినిపిస్తాయి. 1987 డిసెంబర్ 23 రాత్రి సిక్స్ హెరాయిన్ ఎక్కువై పడిపోయాడు. ఊపిరి ఆగిపోయిన మనిషిని మళ్ళీ బతికించారు. ఆ దెబ్బతో మేనేజర్లు రాబోయే యూరప్ పర్యటన రద్దు చేశారు. పంపిస్తే శవపేటికల్లో తిరిగొస్తారని భయపడ్డారు. తర్వాత బ్యాండ్‌లో మార్స్ తప్ప మిగతావాళ్ళు మత్తు మానే చికిత్సలకు వెళ్ళారు, మార్స్ తనంతట తానే మానేశాడు. ఆ తేటబడ్డ తలలతో కెనడాలోని వాంకూవర్‌కి, లిటిల్ మౌంటెన్ స్టూడియోకి చేరారు. ప్రొడ్యూసర్, అంటే రికార్డింగ్ దగ్గరుండి నడిపించేవాడు, బాబ్ రాక్.

బాబ్ రాక్ చేసిన తెలివైన పని ఏమిటంటే నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టి వాయించమనలేదు. కూర్చోబెడితే కొట్టుకుంటారని తెలుసు. ఎవరి భాగం వాళ్ళ చేత విడిగా వాయించి, మళ్ళీ మళ్ళీ వాయించి రికార్డ్ చేశాడు. ఫలితం టైటిల్ పాట మొదటి పది సెకన్లలోనే తెలుస్తుంది. బేస్, డ్రమ్స్ కలిసి ఒక పెద్ద బరువైన యంత్రం కదిలినట్టు కదులుతాయి, గిటారు ఆ యంత్రం మీద ఎక్కి కూర్చుంటుంది. ఈ శబ్దం విన్న మెటాలికా వాళ్ళు తమ 1991 ఆల్బం కోసం ఇదే బాబ్ రాక్‌ని వెతుక్కుంటూ వెళ్ళారు. పక్క స్టూడియోలో ఏరోస్మిత్ బ్యాండ్ వాళ్ళు తమ "పంప్" ఆల్బం చేసుకుంటున్నారు. వాళ్ళ గాయకుడు స్టీవెన్ టైలర్ ఇటొచ్చి కోరస్ పాడి వెళ్ళాడు. గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ గొంతు కూడా ఇందులో ఉంది.

"కిక్‌స్టార్ట్ మై హార్ట్" పాట సిక్స్ చావు తప్పించుకున్న ఆ రాత్రి నుంచే పుట్టింది. మొదట్లో మిక్ మార్స్ గిటారుతో మోటార్‌సైకిల్ గేర్లు మార్చుతున్న శబ్దం చేస్తాడు. అది నిజం బండి అని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఈ ఒక్క పాట నచ్చకపోతే మాత్రం ఈ బ్యాండ్‌ని వదిలేసి మీ దారిన మీరు వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

లెక్కలు కూడా ఈ ఆల్బం వైపే మొగ్గుతాయి. అమెరికాలో ఏది ఎంత ఆడుతోందో లెక్కగట్టే బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బంల జాబితాలో వీళ్ళు మొదటి స్థానం చూసింది దీంతోనే, మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. టైటిల్ పాట సింగిల్స్ (విడిగా విడుదల చేసే పాటలు) జాబితాలో 6వ స్థానం దాకా వెళ్ళింది, వీళ్ళ పాటల్లో అదే అత్యధికం. "వితౌట్ యూ" 8 దాకా వెళ్ళింది. అమెరికాలో అరవై లక్షల కాపీలకు ఇచ్చే సర్టిఫికెట్ దీనికి దక్కింది.

మరి లోపం? రెండో సగంలో ఒకటి రెండు పాటలు మరీ మెరుగు పెట్టిన ఇత్తడి సామానులా ఉంటాయి. "వితౌట్ యూ" నాకైతే పాకం ముదిరిన మిఠాయి. పళ్ళకు అతుక్కుంటుంది.

మెరుగు వద్దు, వేడి కావాలంటే: టూ ఫాస్ట్ ఫర్ లవ్

మీరు పంక్, అంటే మెరుగుల్లేని మొరటు రాక్, వింటారా? ఊరి తిరునాళ్ళలో, కాలేజీ ఫెస్టుల్లో, సగం పాడైన మైకులో వచ్చే పాటలో కూడా ఒక ప్రాణం ఉంటుందని నమ్ముతారా? అయితే వెనక్కి, 1981కి రండి.

"టూ ఫాస్ట్ ఫర్ లవ్" మొదట ఏ పెద్ద కంపెనీ నుంచీ రాలేదు. లెదర్ రికార్డ్స్ అని తామే ఒక లేబుల్ పెట్టుకుని ఆ ఏడాది నవంబర్‌లో విడుదల చేశారు. తక్కువ డబ్బుతో, తొందరగా చేసిన పని. విన్స్ నీల్ గొంతు అక్కడక్కడా శ్రుతి తప్పుతుంది, టామీ లీ డ్రమ్స్ పాటకంటే అరడుగు ముందు పరిగెడుతుంటాయి. నాకు ఆ తొందరే ఇష్టం. "లైవ్ వైర్" విన్నాక వీళ్ళు అద్దె కట్టడానికి డబ్బుల్లేని కుర్రాళ్ళని ఎవరూ చెప్పక్కర్లేదు. "మెర్రీ గో రౌండ్", "ఆన్ విత్ ద షో" లాంటి పాటల్లో అయితే తర్వాత ఎప్పుడూ కనిపించని ఒక దిగులుంటుంది.

ఇక్కడ మళ్ళీ ఒక ఎంపిక ఉంది, చాలామందికి తెలియదు. ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీ వీళ్ళని తీసుకున్నాక 1982లో ఆల్బంని మళ్ళీ విడుదల చేసింది. అంతకుముందు క్వీన్ బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న రాయ్ థామస్ బేకర్ చేత రీమిక్స్ చేయించారు. పాటల వరస మార్చారు, "స్టిక్ టు యువర్ గన్స్" అన్న పాట తీసేశారు. మామూలుగా దొరికేది ఈ ఎలెక్ట్రా రూపమే. మొదటి లెదర్ మిక్స్ కావాలంటే 2003లో వచ్చిన "మ్యూజిక్ టు క్రాష్ యువర్ కార్ టు" పెట్టె మొదటి భాగంలో ఉంది. ఇంత భయంకరమైన ప్రమాద చరిత్ర ఉన్న బ్యాండ్ ఆ పేరెందుకు పెట్టిందో వాళ్ళకే తెలియాలి.

రెండిట్లో ఏది? మొదటిసారి వినేవాళ్ళకు ఎలెక్ట్రా మిక్స్ చాలు. పాటలు నచ్చి పదిసార్లు విన్నాక లెదర్ మిక్స్ వెతుక్కోండి. తిరగేసి చేస్తే మొదటిది మోటుగా వినిపించి వదిలేసే ప్రమాదముంది.

గ్లామ్ మెటల్‌కి అచ్చు నమూనా: షౌట్ ఎట్ ద డెవిల్

ఈ రెండిటి మధ్యలో నిలబడేది 1983 నాటి "షౌట్ ఎట్ ద డెవిల్". మెరుగు కొంత, మొరటు కొంత. నన్నడిగితే ఈ బ్యాండ్ అసలు ముఖం ఇదే.

ఆ ఏడాది మే 29న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో దగ్గర జరిగిన యూఎస్ ఫెస్టివల్‌లో హెవీ మెటల్ రోజున వీళ్ళు పట్టపగలు లక్షల జనం ముందు వాయించారు. క్లబ్బుల బ్యాండ్ ఒక్క మధ్యాహ్నంలో దేశమంతటికీ తెలిసింది. సెప్టెంబర్‌లో ఆల్బం వచ్చింది. నల్లటి అట్ట మీద నల్లటి మెరుపుతోనే పెంటాగ్రామ్ (అయిదు కోణాల నక్షత్రం) గుర్తు, వెలుతురుకి పట్టి చూస్తే గానీ కనిపించదు. లోపల నలుగురి ఫోటోలు. దయ్యాన్ని పూజిస్తున్నారని చర్చి వాళ్ళు గోల పెట్టారు. పేరులో ఉన్నది దయ్యం మీద అరవమని, దయ్యంతో కలిసి అరవమని కాదు. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు, ఆ గోల వల్ల బ్యాండ్‌కి జరిగిన లాభం చూస్తే వాళ్ళూ దిద్దే ప్రయత్నం చేయలేదు.

"లుక్స్ దట్ కిల్" ఈ ఆల్బంకి గుండెకాయ. మిక్ మార్స్ రిఫ్ (పాటంతా తిరిగి తిరిగి వచ్చే గిటారు ముక్క) రెండు మెట్లు ఎక్కి ఒక మెట్టు దిగినట్టుంటుంది, ఒకసారి విన్నాక రోజంతా నోట్లో నానుతుంది. "టూ యంగ్ టు ఫాల్ ఇన్ లవ్" ఇంకా మంచి పాట, కోరస్‌లో వీళ్ళకు తర్వాత వచ్చిన రేడియో అదృష్టానికి విత్తనం కనిపిస్తుంది. బీటిల్స్ పాట "హెల్టర్ స్కెల్టర్" కూడా వాయించారు. బాగుంది గానీ, లేకపోయినా లోటు లేదు. "బాస్టర్డ్" అనే పాటని 1985లో అమెరికా తల్లిదండ్రుల సంఘం ఒకటి పిల్లలు వినకూడని 15 పాటల జాబితాలో పెట్టింది.

"డాక్టర్ ఫీల్‌గుడ్" పక్కన పెట్టి వింటే ఇది సన్నగా వినిపిస్తుంది, ముఖ్యంగా డ్రమ్స్. ఖరీదైన స్పీకర్లున్నవాళ్ళకు నిరాశ కలగొచ్చు. బస్సులో, ఇయర్‌ఫోన్‌లో, కాస్త వాల్యూమ్ పెంచి వినేవాళ్ళకు ఆ సన్నదనమే కత్తి అంచులా పనిచేస్తుంది. నేను మొదట విన్నది ఇంజనీరింగ్ హాస్టల్‌లో, ఒక సీనియర్ దగ్గర ఎన్నోసారో కాపీ అయిన క్యాసెట్‌లో. బుస్సుమనే టేప్ శబ్దం కూడా పాటలో భాగమనే అనుకున్నాను.

ఒక్క పాట కోసం ఆల్బం కొనాలా: థియేటర్ ఆఫ్ పెయిన్

1984 డిసెంబర్ 8న విన్స్ నీల్ తాగి కారు నడిపి ప్రమాదం చేశాడు. పక్క సీట్లో ఉన్న హనోయ్ రాక్స్ బ్యాండ్ డ్రమ్మర్ రాజిల్ చనిపోయాడు. ఎదుటి కారులో ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు. నీల్‌కి 30 రోజుల జైలు శిక్ష పడింది, అదీ పూర్తిగా అనుభవించలేదు. 25 లక్షల డాలర్ల పరిహారం కట్టాడు. సినిమాలో ఈ ఘట్టం కొన్ని నిమిషాల్లో గడిచిపోతుంది. వీళ్ళ అల్లరిని వీరగాథలా చెప్పుకునేవాళ్ళు ఈ ఒక్క తేదీ దగ్గర కాసేపు ఆగాలి.

ఆ తర్వాత ఏడాది వచ్చిన "థియేటర్ ఆఫ్ పెయిన్"ని రాజిల్‌కి అంకితమిచ్చారు. ఆల్బం మాత్రం నీరసంగా ఉంది. సిక్స్ కూడా తర్వాతి రోజుల్లో దీన్ని సమర్థించుకోలేదు. వినదగ్గవి రెండు. బ్రౌన్స్‌విల్ స్టేషన్ అనే బ్యాండ్ పాత పాట "స్మోకిన్ ఇన్ ద బాయ్స్ రూమ్"ని తిరిగి పాడారు, అది 16వ స్థానం దాకా వెళ్ళింది. రెండోది "హోమ్ స్వీట్ హోమ్".

ఈ పాట దగ్గర ఆగక తప్పదు. టామీ లీ పియానోతో మొదలవుతుంది. ఊళ్ళు తిరిగి తిరిగి అలసినవాడు ఇంటికి వస్తున్నానని చెప్పుకునే పాట. గల్ఫ్‌లో ఉన్నా గచ్చిబౌలిలో ఉన్నా పండక్కి ఊరెళ్ళే బస్సు టికెట్ చేతిలో ఉన్నవాడికి విడమర్చి చెప్పే పని లేదు. సింగిల్స్ జాబితాలో 89 దగ్గరే ఆగిపోయిన ఈ పాట, ఎంటీవీలో మాత్రం ప్రేక్షకులు విడవకుండా అడిగిన వీడియో అయింది. మెత్తటి పియానో, మధ్యలో విరుచుకుపడే గిటారు, లైటర్లు ఎత్తి ఊగే జనం: మిగతా గ్లామ్ బ్యాండ్లన్నీ తర్వాత ఆల్బంకి ఒకటి చొప్పున పవర్ బ్యాలడ్ పెట్టుకోవడానికి ఈ వీడియో విజయం పెద్ద కారణం.

కాబట్టి ఆల్బం అక్కర్లేదు, పాట వినండి. రెండు రూపాలున్నాయి. 1985 నాటిది, 1991లో మెరుగుపెట్టి వదిలినది. రెండోది జాబితాలో 37 దాకా వెళ్ళింది. శబ్దం నిండుగా ఉంటుంది. అయినా నా ఓటు మొదటిదానికే, ఎందుకంటే అందులో నీల్ గొంతు నిజంగానే అలసిపోయి ఉంది.

గర్ల్స్, గర్ల్స్, గర్ల్స్: సగం ఆల్బం

1987 నాటి ఈ ఆల్బం గురించి నా అభిప్రాయం పదేళ్ళకోసారి మారుతోంది. బ్లూస్ వాసన, మోటార్‌సైకిల్ ఇంజన్ల మోత, తోలు వాసన కలిసిన శబ్దం. జాబితాలో 2వ స్థానం దాకా వెళ్ళింది. టైటిల్ పాట అమెరికాలోని స్ట్రిప్ క్లబ్బుల చిరునామా పుస్తకం లాంటిది. వాయించడం బాగుంది, సాహిత్యం ఇంట్లో స్పీకర్‌లో పెట్టుకునేది కాదు. "వైల్డ్ సైడ్" మాత్రం వీళ్ళ అయిదు గొప్ప పాటల్లో ఒకటి. క్రైస్తవ ప్రార్థన మాటల్ని మెలితిప్పి లాస్ ఏంజిలెస్ వీధుల మీద రాసిన పాట అది, తాళం అడ్డదిడ్డంగా విరుగుతుంటే టామీ లీ దాన్ని తాడు మీద నడిచినట్టు నడిపిస్తాడు.

ఇందులోనే నిమిషన్నర కూడా లేని "నోనా" ఉంది. సిక్స్‌ని పెంచిన అమ్మమ్మ పేరది. ఆమె పోయాక కట్టిన పాట, అందులో మాటలు కూడా పట్టుమని పది ఉండవు. ఇంత రొద మధ్యలో అమ్మమ్మ కోసం ఏడుస్తున్న మనవడు ఒక్క నిమిషం కనిపించి మాయమవుతాడు. ఇది తప్ప, ఆ ఒకటి రెండు హిట్లు తప్ప మిగతాది నింపుడు సరుకు.

గాయకుడు మారినప్పుడు

1992లో విన్స్ నీల్ బయటికి వెళ్ళాడు. తరిమారని అతను, వెళ్ళిపోయాడని వాళ్ళు. జాన్ కొరాబీ వచ్చాడు. 1994లో బ్యాండ్ పేరుతోనే ఒక ఆల్బం వచ్చింది, ప్రొడ్యూసర్ మళ్ళీ బాబ్ రాక్. కొరాబీ గొంతు బొంగురుగా, లోతుగా ఉంటుంది. అతను గిటారు కూడా వాయిస్తాడు కాబట్టి మొదటిసారి రెండు గిటార్ల బరువు వచ్చింది. "హూలిగన్స్ హాలిడే" వినండి, ఇది పాత బ్యాండ్ అని పోల్చుకోలేరు.

జాబితాలో 7వ స్థానంలో అడుగుపెట్టి, తర్వాత అంతే వేగంగా జారింది. పర్యటనలో హాళ్ళు నిండక చిన్న చోట్లకు మార్చుకోవలసి వచ్చింది. కారణం ఆల్బం కాదు, కాలం. సియాటిల్ నుంచి గ్రంజ్ అనే ముతక, దిగులు రాక్ వచ్చి లిప్‌స్టిక్ అంతా తుడిచేసింది. ఒకవైపు కొత్త శ్రోతలు ఆ పేరు చూసే మొహం తిప్పుకున్నారు, మరోవైపు పాత అభిమానులు నీల్ లేడని అలిగారు. రెంటికీ చెడ్డ రేవడి.

మీరు గ్లామ్ అంటే ఇష్టం లేక ఈ బ్యాండ్‌ని దూరం పెట్టినవారైతే, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్ లాంటి గ్రంజ్ బ్యాండ్లు వింటారంటే, విచిత్రంగా మీకు ఇదే సరైన మొదటి ఆల్బం. గ్లామ్ కోసమే వచ్చినవాళ్ళు దీన్ని ఆఖర్న పెట్టుకోండి.

ఇక మిగిలినవి త్వరగా. నీల్ తిరిగొచ్చి చేసిన "జనరేషన్ స్వైన్" (1997) కాలంతో పరిగెత్తబోయి కాలు బెణికించుకున్న ఆల్బం. "షౌట్ ఎట్ ద డెవిల్"ని అందులో కొత్తగా చేసి పెట్టారు, ఆ పాట 1983 రూపాన్నే వినండి. టామీ లీ లేకుండా చేసిన "న్యూ టాటూ" (2000) దాటేయండి. "సెయింట్స్ ఆఫ్ లాస్ ఏంజిలెస్" (2008) ముసలితనంలో చేసిన మంచి పని, చింత చచ్చినా పులుపు చావలేదని టైటిల్ పాట నిరూపిస్తుంది. దానికి గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. వీళ్ళ జీవిత కథను ముందే చదివినవాళ్ళకు ఆ పాటలు ఇంకొంచెం ఎక్కువ అందుతాయి.

సంకలనాలే కావాలంటే

నా మాట వినకుండా సంకలనంతోనే మొదలుపెడతామనేవాళ్ళుంటారు, ఎవరి ఓపిక వాళ్ళది. అప్పుడు 1991 నాటి "డికేడ్ ఆఫ్ డెకడెన్స్" కంటే 2005లో వచ్చిన రెండు డిస్కుల "రెడ్, వైట్ అండ్ క్రూ" మేలు. మొదటిదాంట్లో "లైవ్ వైర్" లాంటి పాత పాటలకు 1991 రీమిక్స్ రంగు పూశారు, "కిక్‌స్టార్ట్ మై హార్ట్" కచేరీలో పాడిన రూపం పెట్టారు. మొదటిసారి వినేవాడు ఏది అసలో ఏది రంగో పోల్చుకోలేడు. అయితే అందులో కొత్తగా చేర్చిన "ప్రైమల్ స్క్రీమ్" చాలా గట్టి పాట. అది విడిగా వెతుక్కుని వినేయండి. రెండోది కాలక్రమంలో నడుస్తుంది, బ్యాండ్ శబ్దం ఎలా మారిందో చెవికి తెలుస్తుంది.

ఇక కచేరీల సంగతి. ఈ బ్యాండ్ లైవ్ ఆల్బంలు వినడానికి పెద్దగా పనికిరావు, విన్స్ నీల్ స్టేజి మీద సగం మాటలు మింగేసి మిగతావి జనం చేత పాడిస్తాడు. చూడటానికి మాత్రం వీళ్ళని మించినవాళ్ళు తక్కువ. టామీ లీ డ్రమ్స్‌తో సహా గాల్లో తిరగడం, జనం నెత్తిమీదుగా వెళ్ళడం, ఆఖరికి రోలర్ కోస్టర్ పట్టాల మీద తలకిందులుగా వాయించడం. 2005 పర్యటన వీడియో "కార్నివాల్ ఆఫ్ సిన్స్" అందుకు సరిపోతుంది, నలుగురు అసలువాళ్ళూ ఉన్నారు.

ఆ నలుగురూ అన్న మాట ఇప్పుడు ముఖ్యం. 2014లో ఇక పర్యటనలు చేయబోమని పత్రికల ముందు ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2015 డిసెంబర్ 31న లాస్ ఏంజిలెస్‌లో ఆఖరి కచేరీ అన్నారు. మన నాయకుల రాజకీయ సన్యాసం చూసిన తెలుగువాళ్ళకు తర్వాతి ముక్క ఊహకందుతుంది: 2019లో ఆ ఒప్పందాన్ని పేల్చేస్తున్నట్టు వీడియో తీసి వదిలి, 2022లో డెఫ్ లెప్పర్డ్, పాయిజన్ బ్యాండ్లతో కలిసి స్టేడియంలకు తిరిగొచ్చారు. ఆ ఏడాదే వెన్నెముకను బిగదీసే పాత జబ్బుతో మిక్ మార్స్ పర్యటనల నుంచి తప్పుకున్నాడు. అతని చోట జాన్ 5 అనే గిటారిస్టు వాయిస్తున్నాడు. తర్వాతి ఏడాది మార్స్ బ్యాండ్ మీద కోర్టుకెక్కాడు. చేతి పనిలో జాన్ 5కి వంక పెట్టలేం, కానీ టికెట్ కొనేముందు పాత వీడియో ఒకటి చూడండి. ఆ పొగరుబోతుల మధ్య కదలకుండా నిలబడి, నడుము వంగి, తల దించుకుని వాయించే ఆ మనిషి వల్లే ఈ పాటలు నిలబడ్డాయని నాకు ఆలస్యంగా అర్థమైంది.

పక్క బ్యాండ్లతో పోలిక అడిగేవాళ్ళకు కూడా ఒక ముక్క. పాటకు పాట లెక్కన డెఫ్ లెప్పర్డ్ పని నాణ్యమైనది. వినోదం, పార్టీ కావాలంటే పాయిజన్ తేలిక. గొంతు గొప్పదనం కావాలంటే సిండెరెల్లా. ప్రమాదపు అంచు మీద ఉన్నట్టు వినిపించాలంటే మాత్రం, 1987లో గన్స్ ఎన్ రోజెస్ వచ్చేదాకా, మాట్లీ క్రూకి పోటీ లేదు.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, వరస కూడా రాసిచ్చాను: ముందు "ఫీల్‌గుడ్", తర్వాత "షౌట్", ఆ పైన "టూ ఫాస్ట్". మిగతావి విడి పాటలు. కొరాబీది ఆఖర్న. వాడు నాలుగు రోజులు ఏమీ మాట్లాడలేదు. అయిదో రోజు ఫోన్ చేశాడు. "మామయ్యా, నువ్వు ఆఖర్న పెట్టమన్నది ముందు విన్నాను, అట్ట మీద పేరు సాదాగా ఉంటే అదే మొదటిది అనుకుని. భలే ఉంది. మరి ఆ పాడినాయన సినిమాలో కనిపించి మాయమయ్యాడేంటి?"